ఇంకో నూరడుగులు

మా నాయన ఇప్పటికి నాలుగు బోర్లు వేయించాడు. మూడింటిలో నీళ్లు పడలేదు. నాలుగోది ఐదేళ్లు పారి ఆగిపోయింది. ఆ బోర్ల మీదే నేను పీజీ ప్రాజెక్టు చేశాను. గేమ్ డిజైన్‌లో మాస్టర్స్ చేశానని చెప్తే మా వైపు చాలామంది "అంటే రెండేళ్లు గేములు ఆడినావా?" అని అడుగుతారు. మా జిల్లా నుంచి ఈ చదువుకు పోవాలనుకునే పిల్లలు నాకు ఫోన్ చేసి అడిగేది కూడా దాదాపు ఇదే, అక్కడ అసలు ఏం నేర్పిస్తారని. నా రెండేళ్లు ఎట్లా గడిచాయో రాస్తే వాళ్లకు పనికొస్తుందనిపించింది.

మాది కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. ఐదెకరాల చేను, వాన పడితే వేరుశనగ. అనంతపురం జేఎన్‌టీయూలో కంప్యూటర్ సైన్స్ చదివాను. అందరిలాగే నేనూ బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే అనుకున్నాను. మూడో సంవత్సరంలో మినీ ప్రాజెక్టుకు ఏదైనా తేలికైనది చేద్దామని పులిజూదం ఆటను కంప్యూటర్‌లోకి ఎక్కించాను. అందులో ఒకరివి మేకల మీద నుంచి దూకి తినే పులులు, ఇంకొకరివి పులులను కదలనీయకుండా కట్టేయాల్సిన మేకలు. తేలికని పొరపాటు పడ్డాను. మేకల తరఫున ఆడే ప్రోగ్రాం రాయాలంటే మేకలు ఎట్లా ఆలోచిస్తాయో ముందు నాకు తెలియాలి. మా జేజితో ఒక నెల రోజులు రోజూ సాయంత్రం ఆడాను. ఆమె వేసే ప్రతి ఎత్తునూ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆమె ఎప్పుడూ అంచుల నుంచి మేకలు పెట్టుకుంటూ వచ్చేది, నడిమికి ఆఖరున వచ్చేది. "అంచున ఉన్న మేక మీద నుంచి పులి ఎట్ల దూకుతుంది? ఆ పక్కన దిగేదానికి చోటు ఉండాల గదా" అంది ఒకరోజు. అరవై ఏళ్లుగా ఆడుతున్న మనిషి నోటి నుంచి వచ్చిన ఆ ఒక్క మాటతో నా ప్రోగ్రాం సగం అయిపోయింది. ఆటలు తయారు చేయడం కూడా ఒక చదువేనని, దానికి మాస్టర్స్ ఉందని ఆ నెలలోనే వెతికి తెలుసుకున్నాను.

నేను చేరింది బెంగళూరులోని ఒక కాలేజీలో. ప్రవేశానికి సీడ్ (CEED) అనే డిజైన్ ప్రవేశ పరీక్ష స్కోరు అడిగారు. ఐఐటీ బాంబే నిర్వహించే ఈ పరీక్ష జనవరిలో ఉంటుంది. ఒక భాగం కంప్యూటర్ మీద రాయాలి, రెండోది చేత్తో బొమ్మలు గీస్తూ రాయాలి. నాకు బొమ్మలు వేయడం రాదు. అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర స్కెచ్ పుస్తకాలు కొనుక్కుని రోజుకు పది బొమ్మలు వేసేదాన్ని. ఆర్టీసీ బస్టాండులో కూర్చున్నవాళ్లు, చెరకురసం బండి, మా ఎనుము పడుకునే తీరు, ఏది కనబడితే అది. అందంగా వచ్చిందా లేదా అని వాళ్లు చూడరు. ఆలోచన కాగితం మీద కనబడితే చాలు. ఈ విషయం ముందే తెలిసి ఉంటే నేను అంత టెన్షన్ పడేదాన్ని కాదు.

ఇంటర్వ్యూలో మొదట అడిగింది, ఈ మధ్య ఏ గేమ్ ఆడావని. మిగతా పిల్లలు చెప్పే పేర్లు బయట కూర్చున్నప్పుడే విన్నాను. వాటిలో ఒక్కటీ నేను ఆడలేదు. పులిజూదం అని చెప్పాను. బోర్డు గీయమన్నారు. పైన ఒక చుక్క, దాని నుంచి కిందికి నాలుగు గీతలు, వాటిని కోస్తూ మూడు అడ్డగీతలు, వాటి కొసలు కలుపుతూ పక్కలకు రెండు గీతలు, అడుగున ఒక గీత. మొత్తం 23 చోట్లు, 3 పులులు, 15 మేకలు. "రెండు పక్షాల బలం ఒకటి కాదు కదా, మరి ఆట సమానంగా ఎట్లా అవుతుంది?" అని ఒక మేడం అడిగారు. మేకలు పెట్టడం పూర్తయ్యేదాకా కదలవు, పులులు దూకగలవు కానీ మూడే ఉంటాయి, తినడానికి ఎదుటివాళ్ల తప్పు కోసం ఎదురుచూడాలి అని చెప్పాను. చెప్తుంటే జేజి నోట్‌బుక్కే కళ్ల ముందు ఉంది. సీటు వచ్చింది. ఫీజుకు ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నాం. ఆ కాగితాల మీద నాయన సంతకం పెట్టిన రోజు ఇంట్లో ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు.

మా బ్యాచ్‌లో 15 మందిమి. ఆర్కిటెక్చర్ చదివినవాళ్లు, ఫైన్ ఆర్ట్స్ వాళ్లు, సంగీతం నేర్చుకున్న అబ్బాయి ఒకడు, నాలాంటి ఇంజినీర్లు నలుగురు. మొదటి నెలలో కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. అట్టముక్కలు, గింజలు, పాచికలు, పెన్నులు, అంతే. వారానికొక ఆట చేయాలి, శుక్రవారం వేరేవాళ్లు దాన్ని ఆడాలి. తెలిసిన ఆటను తీసుకుని ఒక్క నియమం మార్చి ఏమవుతుందో చూడడం మొదటి పని. నేను వైకుంఠపాళి తీసుకున్నాను. అప్పటిదాకా ఎప్పుడూ తట్టలేదు, వైకుంఠపాళిలో ఆడేవాళ్లు తీసుకునే నిర్ణయం ఒక్కటి కూడా ఉండదని. గవ్వలు చెప్పిన చోటికి కాయ పోతుంది. పాము మింగినా నిచ్చెన ఎక్కినా మన చేతిలో ఏమీ లేదు. పులిజూదం దీనికి పూర్తిగా తలకిందులు, అదృష్టం అనేదే లేదు, ప్రతి ఎత్తూ మనదే. మా ఇంటి అరుగు మీద ఈ రెండు ఆటలూ ఒకే సాయంత్రం ఆడేవాళ్లం. మన పెద్దవాళ్లు ఏ పుస్తకమూ చదవకుండానే ఆటల రెండు కొసలనూ పట్టుకుని ఉన్నారని ఆ వారం అర్థమై చాలా సంతోషపడ్డాను.

పుస్తకాల వైపు నుంచి మాకు మొదట పట్టించింది ఎండీఏ అనే పద్ధతి. 2004లో రాబిన్ హునికే, మార్క్ లెబ్లాంక్, రాబర్ట్ జుబెక్ అనే ముగ్గురు రాసిన వ్యాసంలో వచ్చింది. మెకానిక్స్, డైనమిక్స్, ఈస్థటిక్స్. అంటే మనం రాసే నియమాలు, ఆ నియమాల వల్ల ఆటలో జరిగేవి, వాటి వల్ల ఆడేవాళ్ల మనసులో కలిగేది. చేసేవాళ్లం నియమాల వైపు నుంచి చూస్తాం, ఆడేవాళ్లు మనసు వైపు నుంచి చూస్తారు. బోర్డు మీద ఇది రాసినప్పుడు పరీక్షకు చదువుకునే సంగతిలా అనిపించింది. అది నిజంగా ఏమిటో ఏడాదిన్నర తర్వాత మా ఊరి రచ్చకట్ట మీద తెలిసింది.

రెండో సెమిస్టర్‌లో అందరూ భయపడే కోర్సు ఒకటి ఉండేది. దాని మూలం అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఉంది. అక్కడి కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ర్యాండీ పాష్ అనే కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ బిల్డింగ్ వర్చువల్ వరల్డ్స్ అనే కోర్సు మొదలుపెట్టారు. ఆయనే 1998లో నాటకరంగం ప్రొఫెసర్ డాన్ మారినెల్లితో కలిసి అక్కడ ఎంటర్‌టైన్‌మెంట్ టెక్నాలజీ సెంటర్ పెట్టారు. ప్రోగ్రాం రాసేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు, శబ్దం చేసేవాళ్లు చిన్న జట్టుగా కూర్చుని ఒకటి రెండు వారాల్లో ఒక ప్రపంచం తయారు చేయాలి, అది అయ్యాక జట్లు మారిపోతాయి. మా సార్ ఆ పద్ధతినే తీసుకుని మాతో చేయించారు. కళ్లకు పెట్టుకునే వీఆర్ హెడ్‌సెట్‌తో మా మొదటి ప్రపంచం ఒక గుహ. బెలూం గుహలకు చిన్నప్పుడు స్కూలు నుంచి పోయాం కదా, ఆ చీకటిలో ఎక్కడో నీటి చుక్క పడే చప్పుడు నాకు గుర్తుండిపోయింది. లాంతరు పట్టుకుని ఆ చప్పుడు వెంట పోవాలి, అదీ మా ఆట.

ఆ కోర్సులో ఒక రౌండుకు నైవ్ గెస్ట్ అని పేరు. ఏమీ తెలియని అతిథి అని అర్థం. ఆ అతిథికి మనం ఏమీ చెప్పకూడదు. ఏం చేయాలో ఆ ప్రపంచమే చెప్పాలి. మా గుహకు అతిథిగా మెస్సులో వంట చేసే అక్క వచ్చింది. హెడ్‌సెట్ పెట్టుకుంది. లాంతరు ఆమె కుడిచేతి పక్కనే ఉంది. ఆమె తల పైకెత్తి కప్పు వైపు చూస్తూ నిలబడిపోయింది. ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలయ్యాయి. మా జట్టులో అమ్మాయి "లాంతరు" అని పెదవులతో అనబోతే సార్ వేలు పెట్టి ఆపారు. మూడో నిమిషంలో అక్క హెడ్‌సెట్ తీసి, "చానా బాగుంది, దేవళంలో ఉన్నట్లుంది" అని నవ్వి వెళ్లిపోయింది. నీటి చుక్క దాకా ఆమె పోనే లేదు. ఆ రాత్రి మా జట్టులో పెద్ద గొడవ జరిగింది. వెలుతురు సరిగ్గా పడలేదని ఒకరు, శబ్దం చిన్నదైందని ఒకరు, ఎవరి తప్పు వాళ్లు పక్కవాళ్ల మీద వేశారు. తెల్లవారుజామున సంగీతం అబ్బాయి ఒక మాట అన్నాడు, ఆమె పైకి చూసింది కాబట్టి చుక్క పైనుంచే పడాలి అని. కప్పు మీద ఒక చిన్న మెరుపు పెట్టి, అక్కడి నుంచి చుక్క జారి లాంతరు మీద పడేటట్లు మార్చాం. తర్వాత ఆడినవాళ్లలో చాలామంది లాంతరు పట్టుకున్నారు.

నోరు మూసుకుని చూడడం అంత కష్టమని అంతకుముందు నాకు తెలియదు. మనం చేసిన దాన్ని ఎదుటి మనిషి తప్పుగా పట్టుకుంటే చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. ఈ చదువులో నేర్చుకున్నవాటిలో అన్నిటికన్నా పెద్దది అదే అని నేను నమ్ముతాను. సాఫ్ట్‌వేర్లు మారిపోతాయి, చూసే ఓపిక ఉంటే ఎక్కడైనా బతకొచ్చు.

మూడో సెమిస్టర్‌లో డిగ్రీ ప్రాజెక్టు అంశం చెప్పాలి. నేను బోరు అన్నాను. అనంతపురం వాళ్లకు వివరించక్కర్లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన, దేశంలో వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో ఒకటి అని బడిలో చదివాం. భూమి కింద గ్రానైటు. పైపొరలో పుచ్చిన రాయి కొంత, దాని కింద రాతి పగుళ్లు, నీళ్లు ఉంటే వాటిలోనే ఉంటాయి. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి, అడుగుకు రేటు పెరుగుతుంది. ఎక్కడ ఆపాలి అన్నది ప్రతి రైతుకూ ఆ రాత్రి ఎదురయ్యే ప్రశ్న. గేమ్ డిజైన్‌లో దీనికి దగ్గరగా ఒక రకం ఆటలున్నాయి. ఇంకొంచెం ముందుకు పోతే ఎక్కువ రావచ్చు, ఉన్నదీ పోవచ్చు, ప్రతిసారీ ఆగాలా పోవాలా తేల్చుకోవాలి. వైకుంఠపాళికీ పులిజూదానికీ నడుమ ఎక్కడో ఉండే ఆటలివి. మా సేద్యం కూడా అక్కడే ఉంటుంది అనిపించింది.

సమీక్షలో ఒకరు, ఇంత బాధగా ఉండే ఆట ఎవరు ఆడతారని అడిగారు. ఇంకొకరు నన్ను పక్కకు పిలిచి ఎలిజబెత్ మేగీ కథ చదువుకోమన్నారు. ఆమె 1904లో ల్యాండ్‌లార్డ్స్ గేమ్ అనే ఆటకు పేటెంటు తీసుకుంది. భూమి కొందరి చేతుల్లోనే ఉంటే అద్దెలు కట్టేవాళ్లు ఎట్లా చితికిపోతారో చూపించాలని చేసిన ఆట అది. దాని నుంచి పుట్టిన మోనోపలీని 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ అమ్మడం మొదలుపెట్టింది. ఎదుటివాళ్లందరినీ దివాలా తీయించి గెలవడమే దానిలో సంతోషం. నియమాలు దాదాపు అవే, ఆడేవాళ్ల మనసులో కలిగేది మాత్రం వేరే. ఆ కథ నన్ను చాలా రోజులు వెంటాడింది.

మొదటి నమూనా అట్టముక్కలతోనే చేశాను. ఒక్కో బోరుకు పది కార్డుల దొంతర, ఒక్కో కార్డు నూరడుగులు. కార్డు తిప్పితే రాయి, పొడి, చెమ్మ, నీళ్లు, ఏదో ఒకటి. డబ్బుకు చింతగింజలు. లోతుకు పోయేకొద్దీ కార్డు తిప్పడానికి ఎక్కువ గింజలు కట్టాలి. గింజలు అయిపోతే అప్పు తెచ్చుకోవచ్చు, ఆ గింజలకు ఎర్ర చుక్క పెట్టాను. పంటకాలానికి వాన ఎట్లా ఉంటుందో నాలుగు గవ్వలు చెప్తాయి. నాలుగు గవ్వలు 16 రకాలుగా పడొచ్చు, అందులో రెండు వెల్లకిలా రెండు బోర్లా పడేవి 6, నాలుగూ ఒకే తీరుగా పడేవి 2. గవ్వ నాణెం మాదిరి సమానంగా పడదు కాబట్టి నేనూ నా రూమ్మేటూ కూర్చుని 200 సార్లు వేసి లెక్క రాసుకున్నాం.

క్లాసులో ఆడించాను. బ్రహ్మాండంగా ఆడారు. బల్ల చుట్టూ నిలబడి, గింజలు చేతిలో పట్టుకుని, "ఇంకో వంద! ఇంకో వంద!" అని అరిచారు. నీళ్ల కార్డు పడితే ఎగిరి గంతేశారు, అప్పు తీసుకునేటప్పుడు పగలబడి నవ్వారు. అందరూ బాగుందన్నారు. నేను హాస్టల్‌కు వచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను. వాళ్లను తప్పు పట్టడానికి లేదు, నేను రాసిన నియమాలు వాళ్లకు ఇచ్చింది ఆ ఉత్సాహమే. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా మూడో బోరు వేసిన రాత్రి నాకు బాగా గుర్తు. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరు బండి, కంప్రెసర్ రొద, తెల్లటి రాతిపొడి మా అందరి తలల మీద పడుతోంది. మా అమ్మ టార్చిలైటు పట్టుకుని నిలబడింది. ఆపరేటర్ ప్రతి నూరడుగులకూ ఆపి నాయన మొహం చూసేవాడు. నాయన తల ఊపేవాడు. అప్పుడు అరుపులూ లేవు, నవ్వులూ లేవు.

సెలవులకు ఆ కార్డులు సంచిలో వేసుకుని బస్సెక్కాను. ఊళ్లో రచ్చకట్ట మీద నలుగురిని కూర్చోబెట్టి నియమాలు చెప్పాను. మా చిన్నాయన, పక్కింటి మామ, ఇంకా ఇద్దరు. నాయన ఆడనన్నాడు. వేపచెట్టుకు ఆనుకుని కూర్చుని చూస్తున్నాడు. చిన్నాయన మొదటి కార్డు తిప్పాడు, రాయి. రెండోది, రాయి. మూడోదాని మీద చెయ్యి పెట్టి ఆగిపోయాడు.

"ఇదేం బోరు పాపా? దుమ్ము ఏ రంగులో వస్తాందో చెప్పకుండా ఇంకో నూరడుగులు ఎట్ల వేయమంటావు?"

నాకు అర్థం కాలేదు. కార్డులో ఏముందో తెలియకపోవడమే కదా ఆట అన్నాను. అప్పుడు నాయన మాట్లాడాడు. చెట్టు దగ్గర నుంచి లేవకుండానే, నింపాదిగా.

"మేం గుడ్డిగా వేయలేదమ్మా. ఆ పొద్దు మూడు నూర్ల కాడ పొడి నల్లగా వచ్చింది. చేత్తో పట్టి చూస్తే చల్లగా ఉండె. నాలుగు నూర్ల కాడ బండి చప్పుడు మారె, కింద గుల్ల ఉన్నట్ల. ఐదు నూర్ల కాడ చెమ్మ తగిలె. ఎవరు ఆపుతారు చెప్పు ఆడ? ఏమీ కనపడకుంటే మూడు నూర్లకే బండి తోలిచ్చి ఇంటికి వచ్చేటోన్ని."

అక్కడ కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరూ తమ బోరు చెప్పడం మొదలుపెట్టారు. ఎన్ని అడుగుల దగ్గర ఏ రంగు పొడి, ఎక్కడ వాసన మారింది, నీళ్లు చూసే ఆయన అరచేతిలో టెంకాయ నిలబడిన చోటు, ఆయన చెప్పిన మాట. పదేళ్ల కిందటి బోర్లు కూడా అడుగులతో సహా గుర్తున్నాయి. కార్డులు గట్టు మీద అట్లాగే ఉన్నాయి, ఎవరూ ముట్టుకోలేదు. నేను రాసుకుంటూ పోయాను, మధ్యలో ఒక్క మాట కూడా అనలేదు. మెస్సు అక్క ముందు నేర్చుకున్న మౌనం అప్పుడు నాకు పనికొచ్చింది.

నా ఆటలో ఉన్న తప్పు ఆ సాయంత్రం దొరికింది. నేను బోరును లాటరీలాగా చేశాను. లాటరీ వేసేవాడి చేతిలోకి ఏ ఆనవాలూ రాదు. మా వాళ్ల చేతిలోకి ప్రతి నూరడుగులకూ ఒక ఆనవాలు వచ్చింది, అందులో కొన్ని నిజం చెప్పాయి, చాలా అబద్ధం చెప్పాయి. ఆశ అక్కడ పుట్టింది. రైతులు జూదమాడినట్లు బోర్లు వేసి అప్పుల పాలయ్యారని ఎవరైనా అంటే నేను ఇప్పుడు ఊరుకోను.

కార్డులన్నీ మళ్లీ చేశాను. ఈసారి ప్రతి కార్డు వెనకవైపు ఒక రంగు. బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు. తిప్పకముందే ఆ రంగు కనబడుతుంది. నల్ల వీపున్న కార్డులు పదైతే వాటిలో నాలుగింటి కిందే చెమ్మో నీళ్లో ఉంటాయి. ఆ నాలుగు అనే అంకె దొరకడానికి మూడు వారాలు పట్టింది. ఆరు పెడితే అందరూ గెలిచేవాళ్లు, రెండు పెడితే రంగును నమ్మడం మానేసేవాళ్లు. నాలుగు దగ్గర మనుషులు కార్డు మీద చెయ్యి పెట్టి ఆగడం మొదలుపెట్టారు. క్లాసులో మళ్లీ ఆడించినప్పుడు ఎవరూ అరవలేదు. చెన్నై నుంచి వచ్చిన అమ్మాయి ఏడు నూర్ల దగ్గర ఎర్ర చుక్క గింజలు తీసుకుంటూ, "ఇక్కడిదాకా వచ్చి ఎట్లా ఆపేది" అని తనలో తాను అనుకుంది. ఆ మాట వింటుంటే నాకు నాయన కూర్చున్న వేపచెట్టే కనబడింది.

నాలుగో సెమిస్టర్ అంతా దాన్ని ఫోన్‌లోకి ఎక్కించడంలోనే పోయింది. అక్కడ ఎదురైన కష్టాలు ఎక్కువ సాంకేతికమైనవి, అన్నీ చెప్పను. ఒకటి మాత్రం చెప్పాలి, ఎందుకంటే తెలుగులో గేమ్ చేయబోయే ప్రతి ఒక్కరికీ తగులుతుంది. మేం వాడిన గేమ్ ఇంజిన్‌లో, అంటే ఆటను తయారు చేసే సాఫ్ట్‌వేర్‌లో, తెలుగు అక్షరాలు సరిగ్గా కూడేవి కావు. ఒత్తులు కిందికి పోకుండా పక్కన నిలబడేవి, అమ్మ అని రాస్తే మొదటి మకు పొల్లు పడి రెండో మ విడిగా వచ్చేది. అప్పు అనే మాట, చెమ్మ అనే మాట, నూరడుగుల తర్వాత వచ్చే ప్రతి మాటా విరిగిపోయి కనబడేది. పది రోజులు దాని మీద కూర్చున్నాను. మాటలను బొమ్మలుగా మార్చి పెట్టడం ఒక దారి, అది కొన్ని చోట్ల చేశాను. మిగతా చోట్ల రాత మొత్తం తీసేశాను. మా ఊళ్లో ఆడేవాళ్లలో చదవడం రానివాళ్లు కూడా ఉన్నారు, వాళ్లకు రాత ఎందుకు? జేజి గొంతు రికార్డు చేసుకున్నాను. ప్రతి నూరడుగులకూ ఆమె ఒక మాట అంటుంది, "నల్లగా వస్తాందే" అని, "ఇంకా రాయే" అని. గింజలు అయిపోయే వేళకు "చాలు లేమ్మా" అంటుంది, అది విని ఆపాలా వద్దా అన్నది ఆడేవాళ్ల ఇష్టం.

బోరు చప్పుడు కోసం ఆ వేసవిలో పక్క ఊరిలో బోరు వేస్తుంటే రాత్రంతా రికార్డర్ పట్టుకుని కూర్చున్నాను. నాయన తోడు వచ్చాడు. మెత్తని రాయిలో దిగుతున్నప్పుడు సుత్తి దెబ్బ మందంగా ఉంటుంది, గట్టి బండ తగిలితే ఖణేల్ ఖణేల్ అంటుంది, పగులు దగ్గర ఒక్క క్షణం జారినట్లు అవుతుంది. ఈ తేడాలు నా చెవికి మొదట తెలియలేదు. నాయన నా భుజం మీద వేలితో తట్టి, "ఇప్పుడు, విను" అనేవాడు. అట్లా తట్టిన చోటల్లా టైము రాసుకున్నాను. ఆ టైముల ప్రకారమే ఆటలో శబ్దాలు కత్తిరించి పెట్టాను. ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఆడితే కార్డు రంగు చూడకుండానే కొంత తెలుస్తుంది. ఆ బోరులో తెల్లవారుజామున నీళ్లు పడ్డాయి, రెండించులు. పరాయి మనుషుల బోరు, అయినా నాయన తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

ప్రాజెక్టు చూసి తేల్చే జ్యూరీ రోజు బయటి నుంచి ముగ్గురు వచ్చారు. వాళ్లలో ఒకాయన మాట్లాడకుండా ఆడాడు. ఎనిమిది నూర్ల దగ్గర జేజి "చాలు లేమ్మా" అంది. ఆయన ఫోన్ బల్ల మీద పెట్టి కాసేపు కిటికీ వైపు చూసి, మళ్లీ తీసుకుని ఇంకో నూరు వేశాడు. రాయి. ముగింపు ఉన్నట్టుండి తెగిపోతోందని, బోరు తర్వాత ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఆటలో లేదని విమర్శ వచ్చింది. అది న్యాయమైన విమర్శే, ఇప్పటికీ దాని మీద పని చేస్తున్నాను. తర్వాత ఉద్యోగం కోసం పోయిన ఇంటర్వ్యూలలో అడిగింది కూడా ఎక్కువగా ఆ రచ్చకట్ట నోట్సు గురించే. ఎవరు ఎక్కడ ఆగారు, ఏం అన్నారు, నేను ఏం మార్చాను అని. ఈ చదువుకు పోయేవాళ్లు అట్లాంటి నోట్‌బుక్కు మొదటి రోజు నుంచే పెట్టుకోండి. లాప్‌టాప్ ఖరీదైనది లేదని బాధపడకండి, మొదట్లో చాలా పని అట్టముక్కలతోనే అయిపోతుంది.

అట్టల పెట్టె మా ఇంట్లోనే వదిలేసి వచ్చాను. ఈ సంక్రాంతికి పోయేసరికి దాని మూలలు నలిగి, గింజలు కొన్ని కొత్తవి ఉన్నాయి. చిన్నాయన వాళ్లు ఆడుతున్నారట. నేను రాయని నియమం ఒకటి కూడా చేర్చుకున్నారు. పక్కవాడు నీకన్నా లోతుకు పోయి నీళ్లు పట్టుకుంటే, నీ బోరులో ఉన్న నీళ్ల కార్డు బోర్లా తిప్పేయాలి. అంటే నీది ఎండినట్లే. ఆ నియమం ఎవరు పెట్టారని అడిగితే చిన్నాయన నాయన వైపు చూపించాడు. నాయన గింజలు లెక్కపెట్టుకుంటున్నాడు.

"మన నాలుగోది ఎట్ల పోయిందనుకున్నావు?" అన్నాడు తల ఎత్తకుండా.

నీళ్ల కార్డుకు వెనక ఎండిన బోరు బొమ్మ ఉండాలి, దానికి ఇప్పుడున్న కార్డులు పనికిరావు. అనంతపురంలో క్లాక్ టవర్ వైపు ఒక ప్రెస్సులో మందపు అట్ట మీద వేసిస్తారని విన్నాను. నాయన ఆ బొమ్మ ఎట్లా ఉండాలో ఒక పాత క్యాలెండర్ కాగితం వెనక గీసి ఇచ్చాడు. కేసింగ్ పైపు, దాని నోటికి బిగించిన రాయి, పక్కన ఒక తుమ్మమొక్క. వచ్చే నెల ఊరికి పోయినప్పుడు అచ్చు వేయించాలి.